కుసుమ నూనె, వంకాయ పథ్యం

నాందేడ్ జిల్లాలో యాసంగి జొన్న వేసే పాతకాలపు రైతు చేను చుట్టూ నాలుగు సాళ్ళు కుసుమ వేసేవాడు. ఆకు అంచుకీ పూమొగ్గకీ ముళ్ళుంటాయి కనుక గొడ్డూ గోదా లోపలికి దూరవు; కంచె ఖర్చు తప్పుతుంది. మొక్క లేతగా ఉన్నప్పుడు ఆకు కూరకి, ముదిరాక గింజ గానుగకి. మరాఠీ వాళ్ళు కరడయి అంటారు. దేగ్లూరు, బిలోలి, ధర్మాబాద్ తాలూకాల తెలుగు ఇళ్ళలో రెండు మాటలూ చెల్లుతాయి. కోత మాత్రం ఒళ్ళు గీరుకుపోయే పని. తెల్లవారుజామున, మంచుకి ముల్లు మెత్తబడి ఉన్నప్పుడే, చేతులకి గుడ్డ చుట్టుకుని కోస్తారు. పొద్దెక్కితే ముల్లు బిరుసెక్కుతుంది. సోయాబీన్ వచ్చి మరాఠ్వాడా చేలని ఆక్రమించాక ఈ పంట బాగా తగ్గిపోయింది. కట్టె గానుగ దుకాణాల్లో పల్లీ నూనె పక్కన కరడి నూనె మాత్రం ఇంకా దొరుకుతుంది.

ఎగ్జిమా గురించి రాయబోతూ నూనెగింజతో మొదలుపెట్టడానికి కారణముంది. తిండికీ చర్మానికీ మధ్య సంబంధం మీద శాస్త్రంలో నడిచిన వాదాల్లో బాగా పాతది, ఎక్కువ మలుపులు తిరిగినది, ఈ నూనెలో ముప్పాతిక వంతు దాకా ఉండే ఒక కొవ్వు ఆమ్లం గురించే. దాని పేరు లినోలెయిక్ ఆమ్లం. సంప్రదాయ కుసుమ రకాల నూనెలో అది 70 నుంచి 75 శాతం ఉంటుంది. పొద్దుతిరుగుడు నూనెలో అంతకంటే కొంచెం తక్కువ, పల్లీ నూనెలో ఇంకా తక్కువ, కొబ్బరి నూనెలో నామమాత్రం.

1929లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ అనే దంపతులు ఎలుకలకి ఒక వింత పథ్యం పెట్టారు. పిండి పదార్థం, ప్రోటీన్, ఖనిజాలు, అప్పటికి తెలిసిన విటమిన్లు అన్నీ ఇచ్చారు. కొవ్వు మాత్రం చుక్క లేకుండా తీసేశారు. అప్పటి పుస్తకాల లెక్కన ఆ ఎలుకలకి ఏమీ కాకూడదు. కొవ్వు ఒట్టి ఇంధనమేనని, కావలసినంత శరీరమే పిండిలోంచి చేసుకుంటుందని అందరి నమ్మకం. కొన్ని నెలలకి వాటి తోకలు పొలుసులు కట్టాయి, కొసలు ఎండిపోయాయి, పాదాలు ఎర్రబడ్డాయి, ఎదుగుదల ఆగిపోయింది. ఇంకో విచిత్రం, అవి మామూలు ఎలుకల కంటే చాలా ఎక్కువ నీళ్ళు తాగేవి. మూత్రం చూస్తే ఆ లెక్కకి సరిపోయేది కాదు. మిగతా నీరంతా చర్మంలోంచి ఆవిరైపోతోందన్నమాట. మరుసటి ఏడు లినోలెయిక్ ఆమ్లం చుక్కలుగా పెడితే తేరుకున్నాయి. కొవ్వుల్లో కొన్ని శరీరం చేసుకోలేనివి ఉన్నాయని, వాటిని తిండిలోంచే తెచ్చుకోవాలని అలా తెలిసింది.

ఆ నీరు ఎందుకు కారిపోయిందో అర్థమవడానికి ఇంకో అర్ధశతాబ్దం పట్టింది. చర్మం పైపొర ఇటుక గోడ లాంటిది. చచ్చి, ఎండి, చదునైన కణాలు ఇటుకలు. వాటి మధ్య గచ్చు పని చేసేవి కొవ్వులు. ఆ కొవ్వుల్లో ముఖ్యమైనవి సెరమైడ్లు. వాటిలో నీటిని ఆపే పని ఎక్కువగా చేసే పొడవాటి రకం ఒకటుంది, దాని తోకకి లినోలెయిక్ ఆమ్లమే తగిలించి ఉంటుంది. అది దొరకనప్పుడు శరీరం వేరే ఆమ్లం తగిలించి సర్దుకుంటుంది కానీ ఆ గోడ కారుతుంది.

ఎగ్జిమాలో, అంటే పసిపిల్లల బుగ్గల మీద మొదలై కాస్త పెద్దయ్యాక మోచేతి మడతల్లోకీ మోకాళ్ళ వెనక్కీ చేరే ఆ ఎండు, ఎర్ర, తెగని దురదలో, కూడా గోడ కారుతుంది. నాందేడ్‌లో మరాఠీలో దీన్ని ఇసబ్ అంటారు. దీనితో పొరబడేవి రెండున్నాయి. అంచు స్పష్టంగా ఉండి గుండ్రంగా పాకే మచ్చ బూజు వల్ల వచ్చేది. వేళ్ళ సందుల్లో పుట్టి రాత్రిపూట ఇంటిల్లిపాదినీ గోకించేది గజ్జి పురుగు పని. ఆ రెండింటికీ ఏ పథ్యమూ పనిచేయదు, మందే కావాలి. ఈ అధ్యాయం వాటి గురించి కాదు.

ఎలుక తోకనీ పసివాడి బుగ్గనీ పక్కపక్కన పెట్టి చూసిన మొదటి వైద్యుడు ఆరిల్డ్ హాన్సెన్. ఆయనదీ మిన్నెసోటాయే. 1933లో ఎగ్జిమా ఉన్న శిశువుల రక్తంలో అసంతృప్త కొవ్వులు తక్కువగా ఉన్నాయని చూపించి, వాళ్ళకి నూనెలు పట్టి, కొందరిలో గుణం కనిపించిందని రాశాడు. ఎగ్జిమా అంటే కొవ్వు ఆమ్లాల కొరత అనే ఊహ అక్కడ పుట్టింది. 1938లో అదే విశ్వవిద్యాలయంలో విలియం బ్రౌన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త తనమీదే ప్రయోగం చేసుకున్నాడు. కొవ్వు దాదాపు లేని తిండి ఆరు నెలలు తిన్నాడు. ఒంటి మీద ఎక్కడా పొలుసు లేవలేదు. పైగా ఎప్పటినుంచో ఉన్న తలనొప్పి తగ్గింది! పెద్దవాళ్ళ ఒంట్లో దాచుకున్న కొవ్వు నిల్వలు ఆరు నెలలకి తరగవని అప్పుడు ఎవరికీ తెలియదు.

హాన్సెన్ పట్టు వదలలేదు. 1963లో 428 మంది శిశువులకి రకరకాల కొవ్వులున్న పాలు పట్టిన ఫలితాలు ప్రకటించాడు. లినోలెయిక్ ఆమ్లం బొత్తిగా లేని పాలు తాగిన పిల్లల చర్మం ఎండి, పొలుసులు రాలింది. అందే శక్తిలో ఒక శాతం దాని రూపంలో వచ్చేలా చేస్తే చర్మం మామూలైంది. ఇది తిరుగులేని రుజువు. అయితే దేనికి రుజువు? కొరత ఉన్నవాళ్ళకి కొరత తీరిస్తే చర్మం బాగుపడుతుందని మాత్రమే. ఎగ్జిమా ఉన్నవాళ్ళందరికీ ఆ కొరత ఉందని కాదు.

ఈ తేడాని గుర్తించకపోవడం వల్ల తర్వాత ఇరవయ్యేళ్ళు చాలా డబ్బు చేతులు మారింది. ఎగ్జిమా రోగుల్లో లినోలెయిక్ ఆమ్లానికి లోటు లేదని, దాన్ని తర్వాతి మెట్టుకి, అంటే గామా లినోలెనిక్ ఆమ్లంగా, మార్చే ఎంజైము మందగిస్తుందని 1980ల మొదట్లో ఒక సిద్ధాంతం బయల్దేరింది. అయితే ఆ రెండో మెట్టు ఆమ్లాన్నే నేరుగా ఇస్తే సరిపోతుంది కదా అని ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ అనే పూలమొక్క గింజల నూనెని గొట్టం మాత్రల్లో పోసి అమ్మారు. 1982లో వచ్చిన ఒక ప్రయోగం ఆశ పుట్టించింది. బ్రిటన్ దానికి మందుగా లైసెన్స్ కూడా ఇచ్చింది. తర్వాత జాగ్రత్తగా చేసిన పెద్ద ప్రయోగాలు ఒక్కొక్కటే చప్పబడ్డాయి. 2002లో లైసెన్స్ వెనక్కి తీసుకున్నారు. 2013లో కొక్రేన్ సంస్థ ఆ నూనె మీదా, అదే కోవకి చెందిన బోరేజ్ నూనె మీదా జరిగిన 27 అధ్యయనాలని, 1,596 మంది రోగుల ఫలితాలని కలిపి చూసి, ఉత్తుత్తి గొట్టాలకీ వీటికీ తేడా లేదని తేల్చింది. మన మందుల షాపుల్లో ఆ గొట్టాలు ఇప్పటికీ అమ్ముతున్నారు.

నాందేడ్ కంచానికి వద్దాం. కరడి నూనె ఒక్క టీచెంచాలో సుమారు 3 గ్రాముల లినోలెయిక్ ఆమ్లం ఉంటుంది. రోజుకి వెయ్యి కేలరీలు తినే రెండేళ్ళ పిల్లకి అది శక్తిలో దాదాపు 3 శాతం. హాన్సెన్ చెప్పిన ఒక శాతానికి మూడింతలు. పప్పు తాలింపులో, జొన్నరొట్టెతో నంజుకునే పల్లీ చట్నీలో కొంత ఎటూ వస్తుంది. నూనెతో వండుకు తినే ఇంట్లో ఈ కొరత రావడం కష్టం. కనుక ఎగ్జిమా కోసమని చెంచాలకొద్దీ నూనె అదనంగా తాగించనక్కర్లేదు. పిల్లకి ఒళ్ళు చేస్తుందేమో అని, దగ్గు వస్తుందేమో అని నూనె చుక్క తగలనివ్వకుండా ఉడకబెట్టి పెట్టే ఇళ్ళు మాత్రం ఒకసారి ఆలోచించుకోవాలి. గానుగవాళ్ళని ఒక్కటి అడగండి, గింజ ఏ రకమని. ఇప్పుడు ఒలెయిక్ అనే వేరే కొవ్వు ఆమ్లం ఎక్కువుండే కొత్త కుసుమ రకాలు వచ్చాయి. గుండెకి మంచివని వాటిని పెంచుతున్నారు, వేపుళ్ళకీ నిలవకీ అవి మేలే, కానీ వాటిలో లినోలెయిక్ తక్కువ.

కథలో అసలు మలుపు ఇప్పుడుంది. కడుపులోకి పోస్తే ఎగ్జిమాని కదిలించలేకపోయిన ఆమ్లం, చర్మం మీద రాస్తే వేరే కథ చెప్పింది. ఢాకాలోని శిశు ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి 1998 నుంచి 2003 దాకా పొద్దుతిరుగుడు నూనె రాస్తూ చూశారు. అలాంటి పిల్లల చర్మం కాగితం కంటే పలచన. సూక్ష్మజీవులు నేరుగా రక్తంలోకి వెళ్ళిపోతాయి. నూనె రాసిన పిల్లల్లో ఆసుపత్రిలో అంటుకునే ఇన్ఫెక్షన్లు 41 శాతం తగ్గాయి. అదే బృందం అంతకుముందు ఎలుకల మీద చేసిన పరీక్షల్లో పొద్దుతిరుగుడు నూనె చర్మం గోడని త్వరగా పూడ్చింది. ఆవనూనె, ఆలివ్ నూనె ఆ పూడికని ఆలస్యం చేశాయి. 2013లో ఇంగ్లండ్‌లో పెద్దవాళ్ళ ముంజేతుల మీద చేసిన పరీక్షలోనూ ఆలివ్ నూనె గోడని దెబ్బతీసింది, పొద్దుతిరుగుడు తీయలేదు. ఖరీదైన ఆలివ్ నూనె తెప్పించి పసిపాపకి మర్దనా చేయించే మేనత్తలకి ఈ మాట ఎవరైనా చెప్పాలి. కుసుమ నూనె మీద అంత పెద్ద పరీక్షలు లేవు. ఆమ్లాల పొందికలో మాత్రం అది పొద్దుతిరుగుడుకి అక్కచెల్లెలు. కొబ్బరి నూనె వేరే దారిలో పనిచేస్తుంది. 2014లో ఫిలిప్పీన్స్‌లో 117 మంది ఎగ్జిమా పిల్లల మీద చేసిన ప్రయోగంలో పచ్చి కొబ్బరి నూనె, మినరల్ నూనె కంటే బాగా పనిచేసింది.

అలాగని పుట్టిన ప్రతి బిడ్డకీ రోజూ ఏదో ఒకటి పూస్తే ఎగ్జిమా రాకుండా పోతుందనుకోవద్దు. బ్రిటన్‌లో 1,394 మంది శిశువుల మీద చేసిన పరీక్షలో అలా పూసినందువల్ల ఏమీ ఆగలేదని 2020లో తేలింది. వచ్చిన ఎగ్జిమాని అదుపులో పెట్టడానికి తేమ నిలిపే లేపనం అవసరం. రాకుండా ఆపడానికి అది చాలదు. గోడలో లోపం కొందరికి పుట్టుకతోనే ఉంటుంది. స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయంలో ఇర్విన్ మెక్లీన్ బృందం 2006లో ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ జన్యువులోని మార్పులకీ ఎగ్జిమాకీ ఉన్న బంధాన్ని పట్టుకుంది. ఇటుకలని గట్టిగా అదిమి పట్టి, తర్వాత తానే విరిగి తేమని నిలిపే పదార్థాలుగా మారేది ఈ ఫిలాగ్రినే. యూరప్ జనంలో దాదాపు పదిమందిలో ఒకరికి ఆ లోపం ఉంది. తిండితో దాన్ని దిద్దలేం.

గోడ చిల్లుపడితే నీరు బయటికి పోవడమే కాదు, బయటివి లోపలికి వస్తాయి. ఎలర్జీల గురించి గత పాతికేళ్ళలో జరిగిన పెద్ద ఆలోచన మార్పు ఇక్కడే ఉంది. తిన్న తిండి పడక ఎలర్జీ వస్తుందని, దాని ఫలితమే ఎగ్జిమా అని అంతకుముందు అనుకునేవారు. లండన్‌లో గిడియన్ లాక్ అనే పిల్లల ఎలర్జీ వైద్యుడు ఆ వరసని తిరగేశాడు. పల్లీ నూనె కలిసిన లేపనాలని దద్దుర్ల మీద రాసిన పిల్లల్లో పల్లీ ఎలర్జీ ఎక్కువగా ఉందని 2003లో చూపించాడు. నోటి ద్వారా పేగులకి చేరిన ప్రోటీన్‌ని శరీరం తిండిగా గుర్తిస్తుంది. పగిలిన చర్మంలోంచి దూరిన అదే ప్రోటీన్‌ని శత్రువుగా రాసిపెట్టుకుంటుంది. ఇదే నిజమైతే పల్లీలు పెట్టకుండా ఆపడం తప్పు, తొందరగా పెట్టడమే ఒప్పు కావాలి. 4 నుంచి 11 నెలల వయసున్న 640 మంది శిశువులని తీసుకుని, అందరూ తీవ్రమైన ఎగ్జిమానో గుడ్డు ఎలర్జీనో ఉన్నవాళ్ళే, సగం మందికి పల్లీ తినిపించి, సగం మందికి పూర్తిగా మాన్పించి అయిదేళ్ళ వయసు వచ్చేదాకా చూశారు. 2015లో ఫలితం వచ్చింది. మానేసినవాళ్ళలో 17.2 శాతం మందికి పల్లీ ఎలర్జీ, తిన్నవాళ్ళలో 3.2 శాతం మందికే. అప్పటిదాకా శిశువులకి పల్లీ దూరం పెట్టమన్న దేశాలు తమ సలహాని తిరగరాసుకున్నాయి.

మన దగ్గర పల్లీ ఎలర్జీ పశ్చిమ దేశాలంత కనిపించదు. మరాఠ్వాడా ఇంట్లో పల్లీ పొడి పడని కూర తక్కువ. పాకే వయసులోనే అది పిల్లల నోట్లో పడుతుంది. అయితే ఎర్రగా పగిలిన చర్మం మీద మనం మర్దించేవి కూడా చూసుకోవాలి. శనగపిండి, పెసరపిండి, పాలమీగడ, నువ్వుల నూనె. సున్నిపిండితో నలుగు పెట్టి నూనె వదిలేదాకా రుద్దితే పిల్ల మెరుస్తుందంటారు. ఎగ్జిమా ఉన్న చర్మానికి ఆ రాపిడే శత్రువు. తిండి ప్రోటీన్లు చిల్లుల్లోంచి దూరడం దానికి తోడు. లాక్ చెప్పిన లెక్కన ఇవన్నీ పిల్ల నోటికి మంచివి, పగిలిన ఒంటికి కావు. పల్లీని కూడా శిశువుకి మెత్తటి ముద్దగానో పొడిగానో పెట్టాలి, గింజ గొంతుకి అడ్డం పడుతుంది. తీవ్రమైన ఎగ్జిమా ఉన్న బిడ్డయితే ముందు వైద్యుణ్ణి అడగాలి.

ఇక పథ్యం. దేగ్లూరు వైపు తెలుగు ఇంట్లో ఈ మాటలు వినని కోడలు ఉండదు.

"వంకాయ వద్దు బిడ్డా, గోకుడు ఎక్కువైతది. గుడ్డు బంద్ చెయ్యి. పల్లీలు, చింతపండు, పెరుగు, ఏవీ పెట్టకు."

"మరి ఏం పెట్టాలె అత్తమ్మా?"

"గంజి పొయ్యి. మెత్తటి అన్నం పెట్టు. నువ్వు గూడ పాలిచ్చే తల్లివి, నోరు కట్టుకో."

ఈ అత్తమ్మని తీసిపారేయలేం, ఆమె మాటలో సగం నిజముంది. వంకాయని నిజంగానే పరీక్షించి చూశారు. మైసూరు ప్రాంతంలో 741 మంది మీద జరిగిన అధ్యయనం 2008లో వెలువడింది. చర్మం మీద చుక్క వేసి గుచ్చి చూస్తే 9.2 శాతం మందికి వంకాయకి దద్దు లేచింది. తిన్నప్పుడు అసలైన ఎలర్జీ ఉన్నవాళ్ళు ఒక్క శాతం లోపే. కర్ణాటకలోనే పెద్దవాళ్ళ మీద యూరప్ వాళ్ళతో కలిసి చేసిన ఇంకో అధ్యయనం 2016లో అచ్చయింది. ఏదో ఒక తిండికి రక్తంలో ప్రతిరక్షకాలు కనబడినవాళ్ళు 26.5 శాతం, తిండి ఎలర్జీ ఉండవచ్చని తేలినవాళ్ళు 1.2 శాతం. వేలు పోసి చేయించుకునే ఎలర్జీ ప్యానెళ్ళ కాగితాన్ని ఈ రెండు అంకెల పక్కన పెట్టుకుని చదవాలి. గోధుమ, శనగ, పాలు, టమాటా, వంకాయ అంటూ ఎర్ర అక్షరాల వరస ఉంటుంది. అది శరీరం వాటిని గుర్తుపట్టిందని చెబుతుంది, వాటితో తగవు పెట్టుకుందని చెప్పదు. రోజూ తిని హాయిగా ఉన్నదాన్ని కాగితం చూసి మానేయడం తెలివైన పని కాదు.

అది ఎంత ప్రమాదమో అమెరికాలో 2016లో వచ్చిన ఒక నివేదికలో ఉంది. ఎగ్జిమా కోసం తిండి మాన్పించిన 298 మంది పిల్లల రికార్డులు చూశారు. అంతకుముందు తినగానే దద్దుర్లో ఆయాసమో వచ్చిన చరిత్ర ఏమాత్రం లేని పిల్లల్లో 19 శాతం మందికి, మానేశాక ఆ తిండి మళ్ళీ తగిలినప్పుడు, తక్షణ ఎలర్జీ వచ్చింది. రోజూ నోటి ద్వారా వెళ్ళి పేగులతో స్నేహంగా ఉన్న పదార్థాన్ని ఆపేస్తే ఆ స్నేహం చెడవచ్చు. మరి ఇంత తెగించి మానేస్తే దక్కేదెంత? 10 ప్రయోగాలు, 599 మంది రోగులని కలిపి 2022లో వేసిన లెక్క ప్రకారం కొద్దిపాటి మెరుగుదల, అదీ గట్టిగా చెప్పలేనిది. తీవ్రమైన ఎగ్జిమా ఉన్న శిశువుల్లో పాలకో గుడ్డుకో నిజమైన ఎలర్జీ ఉండే అవకాశం తక్కువేమీ కాదు. వాళ్ళకి మాన్పించడం న్యాయమే. ఆ నిర్ణయం పరీక్ష, అనుభవం రెండూ కలిసినప్పుడు తీసుకోవలసింది.

పాలిచ్చే తల్లి నోరు కట్టుకోవడం మరీ అన్యాయం. మొదటి ఆరు నెలలు ఆమెకి మామూలు కంటే రోజుకి 600 కేలరీలు ఎక్కువ కావాలని మన జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. తల్లి పథ్యం వల్ల బిడ్డకి ఎగ్జిమా రాకుండా ఆగుతుందనడానికి సరైన ఆధారం దొరకలేదు.

ఇప్పుడు గంజి సంగతి. 1998లో అమెరికాలోని అట్లాంటాలో 22 నెలల బాబుని ఆసుపత్రిలో చేర్చారు. ఒళ్ళు వాచింది, చర్మం పెచ్చులుగా లేస్తోంది. పెద్దపెద్ద చదువులున్న దేశంలో, తిండికి లోటు లేని ఇంట్లో, ఆఫ్రికా కరువు ప్రాంతాల్లో చూసే క్వాషియార్కర్ అనే ప్రోటీన్ కొరత జబ్బు! ఎందుకంటే ఆ బాబుకి ఎప్పటినుంచో ఎగ్జిమా ఉంది. పాలు పడవనుకుని తల్లిపాలు మాన్పించాక బియ్యంతో చేసిన పానీయం పట్టారు. పేరు పాలే కానీ అది గంజి. ప్రోటీన్ లేదు. ఆ వలయం ఎలా బిగుసుకుంటుందో చూడండి. ప్రోటీన్ కొరతకి చర్మం పొలుసులు కట్టి పెచ్చులూడుతుంది. ఇంట్లోవాళ్ళు ఎగ్జిమా ముదిరిందనుకుంటారు. ఇంకో రెండు వస్తువులు మానిపిస్తారు. చర్మం ఇంకా పాడవుతుంది.

జింక్ కొరతా అదే వేషం వేస్తుంది. నోటి చుట్టూ, మలద్వారం చుట్టూ, వేళ్ళ మీద ఎర్రటి పచ్చి పుండ్లు, విరేచనాలు, జుట్టు రాలడం. పుట్టుకతోనే జింక్ పీల్చుకోలేని పిల్లల జబ్బు ఒకటి 1942లో నార్వేలో రికార్డయింది. లండన్‌లో 1973లో ఆ పిల్లలకి జింక్ ఇస్తే చర్మం కొద్ది రోజుల్లో మామూలైంది. లోపం లేనివాళ్ళకి ఎగ్జిమాలో జింక్ మాత్రలు మాయ చేయవు. మాంసం, గుడ్డు, పాలు మాన్పించిన బిడ్డకి ఆ లోపం ఎక్కడినుంచి వస్తుందో మాత్రం వేరే చెప్పక్కర్లేదు. శాకాహారంలో జింక్ ఉన్నా, గింజల పైపొరలోని ఫైటేట్ దాన్ని పట్టి ఉంచుతుంది. జొన్న పిండిని రాత్రి కలిపి పులియబెట్టి పొద్దున కాచే అంబలిలో ఆ పట్టు సడలుతుంది. పరభణిలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం పటాన్‌చెరువు ఇక్రిశాట్ పరిశోధన సంస్థతో కలిసి 2018లో పరభణి శక్తి అనే జొన్న రకం విడుదల చేసింది. కిలో గింజల్లో 45 మిల్లీగ్రాముల ఇనుము, 32 మిల్లీగ్రాముల జింక్. మామూలు జొన్న కంటే బాగా ఎక్కువ. నాందేడ్‌కి అది పక్క జిల్లా పంటే.

పెరుగు సంగతి త్వరగా చెప్పేస్తాను. 2001లో ఫిన్లండ్‌లో గర్భిణులకీ తర్వాత బిడ్డలకీ ఒక రకం లాక్టోబాసిలస్ ఇస్తే రెండేళ్ళకి ఎగ్జిమా సగమైంది. ప్రపంచమంతా పొంగిపోయింది. వచ్చిన ఎగ్జిమాని తగ్గించడంలో మాత్రం అలాంటి బాక్టీరియా గొట్టాలు పెద్దగా చేసేదేమీ లేదని 2018లో కొక్రేన్ తేల్చింది. పెరుగన్నం పెట్టండి, మందని కాక తిండని. విటమిన్ డి మీద మంగోలియా రాజధానిలో 107 మంది పిల్లల ప్రయోగం ఉంది. చలికాలంలో ముదిరే ఎగ్జిమాకి నెల పాటు రోజుకి వెయ్యి యూనిట్ల చొప్పున ఇస్తే కొంత తగ్గింది. గోదావరి ఒడ్డు ఎండకీ అక్కడి చలికీ పోలిక లేదు, కనుక రక్తంలో లోటు తేలితేనే ఆ మందు. పసుపు పాలలోని కర్కుమిన్ పేగులు దాటి రక్తంలోకి వెళ్ళేది చాలా తక్కువ. ఉప్పు మీద కొత్త ఆసక్తి పుట్టింది. బ్రిటన్‌లో రెండు లక్షల పైచిలుకు జనం మూత్రంలో సోడియం కొలిచి చూస్తే, రోజుకి ఒక గ్రాము ఎక్కువైన కొద్దీ ఎగ్జిమా ఉండే అవకాశం 11 శాతం పెరిగిందని 2024లో అచ్చయింది. ఇది సంబంధమే, కారణమని తేలలేదు. ఆవకాయలో ఉప్పు సంగతి మాత్రం మనకి వేరే పరిశోధన అక్కర్లేకుండానే తెలుసు.

ఇక, సహజం అనే ముద్రతో సంతలో అమ్మే పొడులూ లేపనాలూ. లండన్‌లో 1999లో ఎగ్జిమా రోగులు వాడుతున్న 11 మూలికా లేపనాలని పరీక్షిస్తే ఎనిమిదింటిలో డెక్సామెథసోన్ అనే స్టీరాయిడ్ దొరికింది. మూడు రోజుల్లో మాయం చేసే ఏ మూలికనైనా నేను ముందు అలాగే అనుమానిస్తాను. బోస్టన్‌లో దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్లో పద్నాలుగింటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటివి ఉన్నాయని 2004లో రాశారు. ఆర్సెనిక్ ఏళ్ళ తరబడి ఒంట్లోకి పోతే అరచేతులు మొరటుబారతాయి, ఒంటి మీద మచ్చలు లేస్తాయి. స్టీరాయిడ్ లేపనం వైద్యుడు రాసినంత కాలం, రాసిన బలంలో, రాసిన చోట పూస్తే ఎగ్జిమాకి మంచి మందే. 2018 మార్చిలో మన కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టీరాయిడ్ లేపనాలని చీటీ లేకుండా అమ్మకూడదని ఆదేశించింది. దాన్ని మందుల దుకాణంలో చీటీ లేకుండా కొనడం, డబ్బాలో పేరు దాచి మూలిక అని కొనడం, రెండూ ఒకే తప్పు.

ఇంత చదివాక కూడా, మా పిల్లాడికి గుడ్డు తిన్నప్పుడల్లా దురద ఎక్కువవుతోంది, ఏం చేయమంటారు అని అడిగే తల్లులుంటారు. వాళ్ళ అనుమానం వట్టిది కానక్కర్లేదు. గుడ్డు తిన్న గంటా రెండు గంటల్లో పెదవి వాచినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, వాంతి అయినా, ఆయాసపడినా ఇంటి ప్రయోగాలు కట్టిపెట్టి విష్ణుపురి ప్రభుత్వ వైద్య కళాశాలకో, దగ్గర్లోని పిల్లల వైద్యుడి దగ్గరికో వెళ్ళాలి. అలాంటివేవీ లేకుండా ఒకటి రెండు రోజుల తర్వాత దురద పెరుగుతోందన్న అనుమానమే అయితే, ముందు లేపనం, స్నానం, మందు సక్రమంగా నడిపి చర్మాన్ని నిలకడ చేసుకోవాలి. తర్వాత వైద్యుడితో చెప్పి ఒక్క గుడ్డునే రెండు నుంచి నాలుగు వారాలు ఆపి చూడవచ్చు. ఆ రోజుల్లో కొత్త సబ్బు, కొత్త నూనె, ఇంకో పథ్యం మొదలుపెట్టకూడదు. రాత్రి ఎన్నిసార్లు గోక్కుని లేచాడో కేలండర్ మీద గీతలు పెట్టుకోవాలి. తేడా కనబడలేదంటే గుడ్డు మళ్ళీ మొదలు. కనబడినా మళ్ళీ పెట్టి చూడాల్సిందే, ఎందుకంటే ఎగ్జిమా ఎండాకాలానికీ చలికాలానికీ దానంతట అదే ఎక్కువతక్కువలవుతుంది. తక్షణ ఎలర్జీ అనుమానం ఉంటే ఆ మళ్ళీ పెట్టడం ఆసుపత్రిలోనే జరగాలి. పెట్టిన రెండుసార్లూ ముదిరితే గుడ్డు ఆపి, దాని బదులు పప్పు, పాలు, పల్లీ ఎంత పెంచాలో రాయించుకుని రావాలి. ఆపిన తిండిని శాశ్వతంగా ఆపకండి. పాలు, గుడ్డు పడని పిల్లల్లో ఎక్కువమందికి పెరిగేకొద్దీ అవి పడతాయి, కనుక ఆర్నెల్లకో ఏడాదికో ఒకసారి మళ్ళీ అడిగి చూడాలి.